1978కి ముందు కట్టిన ఇల్లు అమ్ముతున్నారా, అద్దెకిస్తున్నారా? సీసం పెయింట్ సంగతి ఇలా చెప్పండి

న్యూజెర్సీలోనో, బోస్టన్ చుట్టుపక్కలో, షికాగో పాత పేటల్లోనో మీకొక పాత ఇల్లు ఉందనుకోండి. కొత్త ఇంటికి మారి దాన్ని అద్దెకిద్దామనో, ఇండియా వెళ్లిపోతూ అమ్మేద్దామనో చూస్తున్నారు. ఆ ఇల్లు 1978కి ముందు కట్టినదైతే, కొనేవాళ్లకైనా అద్దెకు దిగేవాళ్లకైనా సంతకాలకు ముందే ఒక సంగతి రాతపూర్వకంగా చెప్పాలి. పాత పెయింట్‌లో సీసం ఉండొచ్చని, దాని గురించి మీకు తెలిసినదేమిటో చెప్పాలి. మర్యాద కొద్దీ చెప్పే మాట అనుకోకండి. 1992లో అమెరికా కాంగ్రెస్ చేసిన చట్టం ఇది. 1996 డిసెంబరు నుంచి ఒకే ఒక్క ఇల్లున్న మామూలు యజమానికి కూడా వర్తిస్తోంది.

నిజానికి ఈ కేంద్ర చట్టం అడిగేది చాలా తక్కువ. పరీక్ష చేయించమనదు. ఉన్న సీసాన్ని తీసేయమనదు. తెలిసింది దాచకుండా, వేళకు చెప్పమంటుంది, అంతే. అయినా ఇబ్బందులు వస్తుంటాయి, ముఖ్యంగా రెండు చోట్ల. ఒకటి, ఈ సంగతి చెప్పే ఫారం ఆలస్యంగా ఇవ్వడం. రెండోది, సీసం ఉందన్న పాత రిపోర్టు ఈమెయిల్‌లో పెట్టుకుని ఫారంలో "నాకేమీ తెలియదు" అన్న గడిలో గుర్తు పెట్టడం. ఈ రెండూ జరగకుండా పని ఎలా నడపాలో కింద రాస్తున్నాను.

ఇంత పట్టింపు ఎందుకు

ఒకప్పుడు పెయింట్‌లో సీసం కలిపితే రంగు తొందరగా ఆరేది, ఎక్కువకాలం నిలిచేది, తడికి తట్టుకునేది. అందుకే కిటికీలు, తలుపులు, మెట్ల కటకటాలు, వరండాలు లాంటి అరిగే చోట్లా, వానా మంచూ తగిలే చోట్లా దాన్ని బాగా వాడారు. ఇళ్ల పెయింట్‌లో సీసం వాడకాన్ని అమెరికా 1978లో నిషేధించింది. కానీ అప్పటికే వేసిన రంగు ఎక్కడికి పోతుంది? తర్వాత వేసిన పూతల కింద పొరగా అలాగే ఉంది. ఈపీఏ, అంటే కేంద్ర పర్యావరణ సంస్థ, చెప్పే లెక్క ప్రకారం 1940కి ముందు కట్టిన ఇళ్లలో 87 శాతం, 1940 నుంచి 1959 మధ్య కట్టినవాటిలో 69 శాతం, 1960 నుంచి 1977 మధ్య కట్టినవాటిలో 24 శాతం ఇళ్లలో ఎక్కడో ఒకచోట సీసం పెయింట్ ఉంటుంది.

గోడను గట్టిగా అంటిపెట్టుకున్న రంగుతో వచ్చే ప్రమాదం తక్కువ. పెచ్చులూడే రంగుతోనూ, రాపిడికి రాలే దుమ్ముతోనూ వస్తుంది అసలు ప్రమాదం. పాత చెక్క కిటికీని పైకీ కిందికీ లాగిన ప్రతిసారీ చెక్కా చెక్కా రాసుకుని కంటికి ఆనని దుమ్ము రాలి, కిటికీ గట్టు మీదా నేల మీదా పేరుకుంటుంది. పాకే పిల్లలు ఆ నేల మీద చేతులు ఆనించి, అవే చేతులు నోట్లో పెట్టుకుంటారు. పెద్దవాళ్ల కంటే పసిపిల్లల ఒంటికి సీసం ఎక్కువ శాతం పడుతుంది. మెదడు ఎదుగుదల మీద, చదువు మీద, ఏకాగ్రత మీద దెబ్బ కొడుతుంది. ఇంతవరకూ ఉంటే ఫరవాలేదు అని చెప్పగలిగే మోతాదు ఏదీ లేదు. పిల్ల పైకి బాగానే కనిపిస్తుంది, ఆడుకుంటూనే ఉంటుంది, రక్తపరీక్ష చేస్తే తప్ప తెలియదు. డెసిలీటరు రక్తంలో 3.5 మైక్రోగ్రాములు గానీ అంతకంటే ఎక్కువ గానీ ఉంటే మిగతా పిల్లల కంటే ఎక్కువగా సీసం సోకినట్టు లెక్కగట్టమని సీడీసీ, అంటే అమెరికా వ్యాధి నియంత్రణ సంస్థ, 2021లో చెప్పింది. గర్భిణుల విషయంలోనూ అంతే జాగ్రత్త అవసరం, తల్లి రక్తంలోని సీసం కడుపులో బిడ్డకు చేరుతుంది.

మీరు నింపే ఫారం చివరికి చేరేది ఆ పసిపిల్ల ఇంటికి. అందుకే దాన్ని రియల్టర్ పంపిన యాభై పేజీల్లో ఒకటిగా తిప్పేయకండి.

1. ఇల్లు ఎప్పుడు కట్టారో తేల్చుకోండి

కౌంటీ లేదా టౌన్‌షిప్ ఆస్తిపన్ను రికార్డులో కట్టిన సంవత్సరం ఉంటుంది, చాలాచోట్ల ఆన్‌లైన్‌లోనే దొరుకుతుంది. 1977, 1978 దగ్గర ఉంటే మాత్రం ఒక మెలిక ఉంది. చూడాల్సింది ఇల్లు పూర్తయిన తేదీ కాదు, నిర్మాణ పర్మిట్ తీసుకున్న తేదీ. 1978 జనవరి 1కి ముందు పర్మిట్ తీసుకున్న ఇల్లు ఈ చట్టం కిందికే వస్తుంది. తేదీ తేలకపోతే చట్టం వర్తిస్తుందనే అనుకుని కాగితాలు ఇచ్చేయండి, అలా ఇచ్చినందువల్ల మీకు నష్టం లేదు.

"లోపలంతా కొత్తగా చేయించాం, వంటగది కొత్తది, బాత్రూములు కొత్తవి" అని చాలామంది అంటారు. అయినా ఇల్లు పాతదే. వెనక గది కిటికీ, బేస్‌మెంట్ మెట్లు, వరండా స్తంభాలు, బయట గోడ చెక్కలు ఇంకా ఆనాటివే అయి ఉండొచ్చు.

2. మినహాయింపులు చూడండి, కానీ వాటి మీద ఆశ పెట్టుకోకండి

సర్టిఫైడ్ ఇన్‌స్పెక్టర్ పరీక్షించి సీసం పెయింట్ లేదని తేల్చిన ఇంటిని అద్దెకిస్తుంటే ఈ పని లేదు. పొడిగించే వీలు లేకుండా వంద రోజులు లేదా అంతకంటే తక్కువకు ఇచ్చే అద్దెకు కూడా అక్కర్లేదు. బ్యాంకు వేలంలో జరిగే అమ్మకానికి మినహాయింపు ఉంది గానీ, వేలంలో కొన్నవాళ్లు మళ్లీ అమ్మేటప్పుడు ఉండదు. వృద్ధుల కోసం, వికలాంగుల కోసం ప్రత్యేకంగా కట్టినవీ, పడకగది విడిగా లేని స్టూడియోలూ మినహాయింపులోనే ఉన్నాయి, ఆరేళ్లలోపు పిల్లలు అక్కడ ఉండనంతవరకు.

మనవాళ్లకు పనికొచ్చే సంగతి ఒకటి ఇక్కడుంది. ఇంట్లో ఒక గదిని మాత్రమే ఎవరైనా స్టూడెంట్‌కో, కొత్తగా ఉద్యోగంలో చేరిన కుర్రాడికో అద్దెకిస్తే, అదీ ఈ స్టూడియోల లెక్కలోకే వస్తుంది. కానీ విడిగా పడకగది ఉన్న బేస్‌మెంట్‌ను ఒక కుటుంబానికి ఇస్తే మినహాయింపు లేదు. లీజు రాసుకోకుండా నోటి మాట మీద ఇచ్చినా, మీరే అద్దెకుండి ఇంకొకరికి సబ్‌లీజుకిచ్చినా చట్టం వర్తిస్తుంది.

రియల్టర్ లేకుండా సొంతంగా అమ్మినా, ఉన్నది ఉన్నట్టుగా అని కాంట్రాక్టులో రాసుకున్నా, కొనేవాళ్లు మన ఊరివాళ్లే అయినా తప్పించుకునే దారి లేదు.

3. మీకు తెలిసిందంతా ఒకచోటికి చేర్చండి

ఫారం తెరవకముందే చేయాల్సిన పని ఇది. ఒక సాయంత్రం కూర్చుని పాత ఈమెయిళ్లు, క్లోజింగ్ ఫైలు (ఇల్లు మీ పేరిట మారిన రోజు కాగితాలు) తిరగేయండి. వెతకాల్సినవి ఇవి:

- మీరు కొన్నప్పుడు అమ్మినవాళ్లు ఇచ్చిన సీసం పెయింట్ ఫారం. అందులో వాళ్లు "ఉంది" అని రాసి ఉంటే, మీకు తెలిసినట్టే లెక్క.
- పాత ఇన్‌స్పెక్షన్ రిపోర్టులు, దుమ్ము పరీక్షలు, పెయింట్ శాంపిల్ ల్యాబ్ ఫలితాలు, పెరటి మట్టి పరీక్షలు.
- సీసం తీయించిన పని బిల్లులు, ఆ పని తర్వాత ఇచ్చిన సర్టిఫికెట్లు.
- సిటీ నుంచో హెల్త్ డిపార్ట్‌మెంట్ నుంచో వచ్చిన ఉత్తరాలు. ఆ ఇంట్లో ఉన్న పిల్లలెవరికైనా రక్తంలో సీసం ఎక్కువ వచ్చి ఉంటే ఇవి తప్పక వచ్చుంటాయి.
- కాండో అయితే, బిల్డింగ్ మొత్తానికీ, మెట్లు, వరండాలు లాంటి ఉమ్మడి చోట్లకూ అసోసియేషన్ చేయించిన రిపోర్టులు.

చట్టం అడిగేది మీ చేతిలో ఉన్నవీ, తేలికగా తెప్పించుకోగలిగినవీ. అసోసియేషన్‌కు ఒక ఈమెయిల్ పెడితే వచ్చే రిపోర్టు "నా దగ్గర లేదు" అనడానికి వీల్లేదు.

ఇంకో సందర్భం. ఒక బయ్యర్ సొంత ఖర్చుతో పరీక్ష చేయించి, సీసం ఉందని తేలి, రిపోర్టు మీకు పంపి బేరం వదిలేశాడనుకోండి. ఆ క్షణం నుంచి ఆ రిపోర్టు మీకు తెలిసిన సంగతి. తర్వాత వచ్చే బయ్యర్‌కు అది ఇచ్చి తీరాలి.

4. పరీక్ష చేయించాలా వద్దా

మన వాట్సాప్ గ్రూపుల్లో తరచూ తిరిగే సలహా ఒకటుంది: "టెస్ట్ చేయించకండి, తెలిస్తే చెప్పాల్సొస్తుంది." కేంద్ర చట్టం వరకు చూస్తే ఈ మాటలో తప్పు లేదు, పరీక్ష మీ బాధ్యత కాదు. అయినా నేను దీన్ని సమర్థించలేను. అమ్మేసి వెళ్లిపోతుంటే పరీక్షను బయ్యర్‌కు వదిలేయడం సరే, వాళ్లకు ఆ అవకాశం చట్టమే ఇస్తోంది. అద్దెకిచ్చే ఇల్లయితే లెక్క మారుతుంది. ఏళ్ల తరబడి కుటుంబాలు వస్తూ పోతూ ఉంటాయి, వాళ్ల పిల్లలు ఆ నేల మీదే పాకుతారు. ఏ కిటికీలో సీసం ఉందో తెలిస్తే ఆ కిటికీ మార్చేస్తే సరిపోతుంది. తెలియకపోతే ఇల్లంతా అనుమానమే.

చేయించేట్టయితే సరైన మనిషిని పిలవండి. కొనేటప్పుడు వచ్చే మామూలు హోమ్ ఇన్‌స్పెక్టర్ చేసే పని కాదిది. సీసం పెయింట్ ఇన్‌స్పెక్షన్‌కు విడిగా సర్టిఫికెట్ ఉన్నవాళ్లు ఉంటారు, ఎక్స్‌రే యంత్రంతో ప్రతి గోడనూ, చట్రాన్నీ చూసి ఎక్కడ సీసం ఉందో చెబుతారు. చదరపు సెంటీమీటరుకు 1 మిల్లీగ్రాము, లేదా బరువులో 0.5 శాతం ఉంటే దాన్ని సీసం పెయింట్ అంటారు. రిస్క్ అసెస్‌మెంట్ అని ఇంకొకటుంది. అది ఎక్కడెక్కడ సీసం ఉందన్నది పక్కనపెట్టి, ఇప్పుడు ప్రమాదం ఎక్కడ ఉంది, ఏం చేయాలి అన్నది చెబుతుంది. దుమ్ము, మట్టి శాంపిళ్లు కూడా తీస్తారు. అద్దె ఇంటికి నా దృష్టిలో రెండోదే ఎక్కువ ఉపయోగం. హార్డ్‌వేర్ షాపులో దొరికే, రుద్దితే రంగు మారే కిట్లను నమ్ముకుని ఫారంలో ఏమీ రాయకండి.

మట్టి మాటొచ్చింది కాబట్టి ఒక ముక్క. బయటి గోడల నుంచి దశాబ్దాల తరబడి రాలిన రంగు గోడ మొదట్లోని మట్టిలో కలిసి ఉంటుంది. మనవాళ్లు ఎండాకాలం రాగానే గోంగూర, తోటకూర, బీరపాదు వేసేది సరిగ్గా ఎండ తగిలే ఆ గోడ పక్కనే. పాత ఇల్లయితే గోడకు దూరంగా చెక్క పెట్టెల్లో కొనుక్కొచ్చిన మట్టి పోసి వేసుకోండి, అద్దెకున్నవాళ్లకూ ఆ మాట చెప్పండి.

5. ఫారం నింపడం

ఈపీఏ, హడ్ అనే కేంద్ర గృహనిర్మాణ శాఖ కలిసి ఇచ్చిన నమూనా ఫారాలు రెండున్నాయి, అమ్మకానికొకటి, అద్దెకొకటి. రియల్టర్లూ అటార్నీలూ వాడేవి చాలావరకు వీటి నకళ్లే. పేజీ ఒకటే, కానీ ప్రతి గడికీ ఒక బరువుంది.

మొదట పైన ఒక హెచ్చరిక పేరా ఉంటుంది. దాని మాటలు చట్టం నిర్ణయించినవి. కుదించకూడదు, సొంతంగా తిరగరాయకూడదు. కాంట్రాక్టులోనో, దానికి జతచేసిన కాగితంలోనో అది అలాగే ఉండాలి.

తర్వాత మొదటి ప్రశ్న: సీసం పెయింట్ లేదా దాని ప్రమాదం ఉన్నట్టు మీకు తెలుసా? రెండు గడులు. తెలిస్తే మొదటిదాంట్లో గుర్తు పెట్టి, పక్కన వివరం రాయండి. "ఉంది" అని ఒక్క ముక్క రాస్తే చాలదు. ఎక్కడుంది, ఎలా తెలిసింది, ఆ రంగు ఇప్పుడు ఏ స్థితిలో ఉంది, ఈ మూడూ రావాలి. ఉదాహరణకు: "2015 ఇన్‌స్పెక్షన్ ప్రకారం రెండో అంతస్తులోని నాలుగు కిటికీ చట్రాల్లో, ముందు వరండా స్తంభాల్లో సీసం పెయింట్ ఉంది. కిటికీలు 2018లో మార్చాం. వరండా స్తంభాల మీద రంగు కొన్నిచోట్ల పెచ్చులూడుతోంది." ఫారంలో ఇంగ్లీషులోనే రాస్తారు గానీ, రాయాల్సిన తీరు ఇది.

నిజంగా ఏమీ తెలియకపోతే రెండో గడి. అందులో సిగ్గుపడాల్సిందేమీ లేదు, చాలామంది యజమానుల నిజమైన జవాబు అదే. కానీ "తెలియదు" అన్నదాన్ని "లేదు" అని మార్చకండి. పరీక్ష లేకుండా "ఈ ఇంట్లో సీసం లేదు" అని రాసేస్తే, మీకు తెలియని సంగతికి మీరు హామీ పడినట్టు. 1965లో కట్టిన ఇంటికి అలా రాసి సంతకం పెట్టడం కోరి తెచ్చుకునే తలనొప్పి.

రెండో ప్రశ్న రిపోర్టుల గురించి. ఉంటే ఒక్కోదాని పేరు, తేదీ రాసి నకళ్లు జతచేయాలి. మొత్తం రిపోర్టు ఇవ్వండి, చివరి పేజీ సారాంశం మాత్రమే కాదు. సీసం తీయించేశాం కాబట్టి పాత రిపోర్టు ఇక అక్కర్లేదని కొందరు అనుకుంటారు. ఇవ్వాలి. దాంతో పాటు పని పూర్తయిన సర్టిఫికెట్ కూడా ఇవ్వండి, రెండూ పక్కపక్కన పెడితే కొనేవాళ్లకు ధైర్యం వస్తుంది.

కింద సగం కొనేవాళ్లదో, అద్దెకు దిగేవాళ్లదో. రిపోర్టులు అందాయని, ఈపీఏ పాంప్లెట్ (దాని సంగతి కింద 6లో) అందిందని వాళ్లు తమ ఇనిషియల్స్ పెట్టాలి. వాళ్ల బదులు మీరుగానీ రియల్టర్‌గానీ పెట్టేయకూడదు. అమ్మకం ఫారంలో, కొనేవాళ్లు పరీక్ష చేయించుకునేందుకు ఇచ్చే పది రోజుల అవకాశం గురించి ఇంకో గడి ఉంటుంది. ఆ తర్వాత ఏజెంటు, తన బాధ్యత తనకు తెలుసని. చివర అందరి సంతకాలూ తేదీలూ. ఆన్‌లైన్ సంతకాలు చెల్లుతాయి.

ఒక్క గడి ఖాళీగా ఉన్నా ఫారం పూర్తి కానట్టే. సంతకాలన్నీ వచ్చాక పైనుంచి కిందివరకు మరోసారి చూసుకోండి.

6. పాంప్లెట్, వేళ

ఈపీఏ పాంప్లెట్ ఒకటుంది, ఇంట్లో సీసం నుంచి కుటుంబాన్ని కాపాడుకోవడం ఎలాగో చెప్పేది. ఈపీఏ వెబ్‌సైటులో ఉచితం. కొనే ప్రతి పార్టీకీ, అద్దెకు దిగే ప్రతి పార్టీకీ అది ఇవ్వాలి. కొత్త ప్రతి దింపుకుని పంపండి, పదేళ్ల కిందటి ఫైలు కాదు.

వేళ ముఖ్యం. వాళ్లు కాంట్రాక్టుకో లీజుకో కట్టుబడక ముందే ఇవన్నీ వాళ్ల చేతికి చేరాలి. క్లోజింగ్ రోజున ఇస్తే ఆలస్యమైనట్టే. తాళం చెవులిచ్చే రోజున లీజుతో పాటు కుట్టి ఇచ్చినా, సంతకం అంతకుముందే అయిపోయి ఉంటే ఆలస్యమే. లిస్టింగ్ పెట్టే రోజునే ఫారం నింపి పెట్టుకుంటే ఈ టెన్షనే ఉండదు. ఆఫర్ ఇచ్చేవాళ్లకు ముందే పంపేయొచ్చు.

ఏజెంటు ఉన్నాడు కదా అని మీ బాధ్యత తీరదు. మీ బాధ్యత మీకు చెప్పడం, అది జరిగేలా చూడటం ఏజెంటు పని. చెప్పాల్సింది మాత్రం మీరే. ఇండియా వెళ్లిపోయి ప్రాపర్టీ మేనేజర్‌కు అప్పజెప్పినా అంతే. హైదరాబాద్‌లో ఉన్నా, విజయవాడలో ఉన్నా, మీ తరఫున ఆ కంపెనీ ఇస్తున్న ఫారంలో ఏముందో ఒకసారి తెప్పించి చదవండి, పాత రిపోర్టులు వాళ్లకు పంపండి. మీ దగ్గరున్న రిపోర్టు వాళ్లకు తెలియకపోతే వాళ్లు "తెలియదు" గడిలోనే గుర్తు పెడతారు.

7. అమ్ముతుంటే: పది రోజులు

కొనేవాళ్లకు సొంత ఖర్చుతో సీసం పరీక్ష చేయించుకునేందుకు పది రోజుల గడువు ఇవ్వాలి. ఇద్దరూ ఒప్పుకుని రాసుకుంటే ఆ గడువును పెంచుకోవచ్చు, తగ్గించుకోవచ్చు. కొనేవాళ్లు అక్కర్లేదని రాసిస్తే వదులుకోవచ్చు కూడా. పోటీ ఎక్కువగా ఉన్నప్పుడు ఆఫర్ నెగ్గాలని చాలామంది వదులుకుంటారు. వాళ్లు వదులుకోగలిగేది ఆ గడువు మాత్రమే. మీరు ఇవ్వాల్సిన ఫారం, రిపోర్టులు, పాంప్లెట్ ఎవరూ మాఫీ చేయలేరు.

చిన్నపిల్లలున్న కుటుంబం కొంటుంటే, గడువు వదులుకోమని వాళ్ల మీద ఒత్తిడి తేకండి. మీరే కొనేవైపు ఉంటే మాత్రం వదులుకోకండి, ఇది నా గట్టి మాట.

8. అద్దెకిస్తుంటే: పిల్లలున్నవాళ్లను కాదనకూడదు

"ఇంట్లో సీసం ఉంది, అందుకే పిల్లలున్నవాళ్లకు ఇవ్వను" అనడం జాగ్రత్తలాగే అనిపిస్తుంది. కానీ పిల్లలున్నారన్న కారణంతో అద్దెకు ఇవ్వకపోవడాన్ని ఫెయిర్ హౌసింగ్ చట్టం వివక్షగా చూస్తుంది. ప్రకటనలో ఆ మాట రాయడం కూడా తప్పే. మీరు చేయాల్సింది ఉన్నది చెప్పడం, పెచ్చులూడుతున్న చోట్లను బాగుచేయించడం, నిర్ణయం వాళ్లకు వదిలేయడం.

లీజు పొడిగించినప్పుడు, ముందు ఇచ్చిన సమాచారం మారకపోతే మళ్లీ ఇవ్వక్కర్లేదు. మధ్యలో కొత్త రిపోర్టు వస్తే మాత్రం పొడిగింపుకు ముందు ఇవ్వాలి.

రిపేర్ల దగ్గర చాలామంది యజమానులు దెబ్బతింటారు. సొంతంగా ఉండే ఇంట్లో మీ పని మీరు చేసుకోవచ్చు గానీ, అద్దె ఇంట్లో పాత రంగును గీకే పనికి 2010 నుంచి ఈపీఏ సర్టిఫికెట్ ఉండాలి, పని చేసేది మీరే అయినా సరే. ఒక గదిలో 6 చదరపు అడుగులు, బయట 20 చదరపు అడుగులు దాటితే ఈ నియమం వర్తిస్తుంది. కిటికీ మార్చడానికైతే ఈ కొలతల మినహాయింపు కూడా లేదు. పని మొదలయ్యే ముందు అద్దెకున్నవాళ్లకు దానికి సంబంధించిన వేరే పాంప్లెట్ ఇవ్వాలి. తెలిసిన హ్యాండీమ్యాన్‌ను పిలిచి వారాంతంలో శాండ్‌పేపర్ పట్టిస్తే, అప్పటిదాకా గోడకు అంటుకుని ఊరుకున్న సీసం ఆ ఇంటి గాలిలోకి లేస్తుంది.

అద్దెకున్నవాళ్ల పాపకు రక్తంలో సీసం ఎక్కువగా వచ్చిందని కబురొస్తే ముందు ఆ పాప గురించి అడగండి, తర్వాత ఇంటిని ఇన్‌స్పెక్టర్‌కు చూపించండి. సీసానికి ఇతర దారులూ ఉన్నాయి. మన ఊళ్ల నుంచి తెచ్చుకునే కొన్ని పసుపు పొళ్లు, కుంకుమ, కాటుక, నాటు మందుల్లో సీసం దొరికిన సందర్భాలున్నాయి, అమెరికా ఆరోగ్య శాఖలు వీటి గురించి హెచ్చరించాయి కూడా. అధికారులు అన్నీ చూస్తారు. కానీ "అది మీ పసుపువల్లే" అని వాదనకు దిగి ఇంటి పరీక్షను వాయిదా వేయకండి. రెండూ ఒకేసారి ఉండొచ్చు.

9. మీ రాష్ట్రం, మీ ఊరు ఇంకా ఏం అడుగుతున్నాయో చూడండి

పైన చెప్పినదంతా దేశమంతటికీ ఉన్న కనీస నియమం. కొన్నిచోట్ల దాని మీద ఇంకా చాలా ఉంది.

న్యూజెర్సీలో అద్దె ఇళ్లున్నవాళ్లు ఇది శ్రద్ధగా చదవాలి. 2022 జులై 22 నుంచి అమల్లోకి వచ్చిన చట్టం ప్రకారం 1978కి ముందు కట్టిన చాలా అద్దె ఇళ్లకు సీసం ప్రమాదం తనిఖీ తప్పనిసరి. మొదటి తనిఖీ గడువు 2024 జులై 22తో అయిపోయింది. ఆ తర్వాత మూడేళ్లకొకసారి, లేదా అద్దెకున్నవాళ్లు మారినప్పుడు చేయించాలి. ఇల్లు బాగుంటే లెడ్ సేఫ్ సర్టిఫికెట్, అంటే సీసం ప్రమాదం కనిపించలేదన్న పత్రం, ఇస్తారు, అది రెండేళ్లు చెల్లుతుంది, ఆ రెండేళ్లలో మనుషులు మారినా మళ్లీ తనిఖీ అక్కర్లేదు. కొత్తగా దిగేవాళ్లకు సర్టిఫికెట్ ఇవ్వాలి. కొన్ని మునిసిపాలిటీల్లో కంటితో చూసి తేలుస్తారు, పిల్లల రక్తపరీక్షల్లో సీసం ఎక్కువగా కనిపించిన ఊళ్లలో దుమ్ము శాంపిళ్లు తీస్తారు. పాటించకపోతే, సరిదిద్దుకోవడానికి ఇచ్చిన 30 రోజులు దాటాక వారానికి వెయ్యి డాలర్ల వరకు జరిమానా పడొచ్చు. ఇక్కడ "టెస్ట్ చేయించకపోతే తెలియదు" అన్న సలహాకు చోటే లేదు.

మసాచుసెట్స్ ఇంకా కఠినం. 1978కి ముందు కట్టిన ఇంట్లో ఆరేళ్లలోపు బిడ్డ ఉంటే, సీసం ప్రమాదాన్ని తొలగించడమో అదుపు చేయడమో యజమాని బాధ్యత. అక్కడ ఇచ్చే ఫారాలు కూడా వేరు. మేరీల్యాండ్‌లో పాత అద్దె ఇళ్లను రాష్ట్రం దగ్గర ఏటా నమోదు చేయించాలి. ఫిలడెల్ఫియాలో, క్లీవ్‌లాండ్‌లో పాత ఇళ్లు అద్దెకివ్వాలంటే సర్టిఫికెట్ కావాలి. దూరంగా ఉండి క్లీవ్‌లాండ్ లాంటి చోట చవగ్గా వచ్చిందని ఇన్వెస్ట్‌మెంట్‌కు ఇల్లు కొన్నవాళ్లు సిటీ నియమాలు తప్పక చూసుకోండి.

10. దాచుకోండి, మరచిపోతే సరిదిద్దుకోండి

సంతకాలు పెట్టిన ఫారం కనీసం మూడేళ్లు ఉంచుకోవాలి. అమ్మకానికైతే క్లోజింగ్ తేదీ నుంచి, అద్దెకైతే లీజు మొదలైన తేదీ నుంచి లెక్క. అద్దె ఇల్లయితే అంతకంటే ఎక్కువకాలమే ఉంచండి. ఏ పాప సంగతి ఏ ఏడాది బయటపడుతుందో చెప్పలేం. స్కాన్ చేసి ఒక ఫోల్డర్లో పెడితే పనైపోతుంది.

తెలిసీ చెప్పకపోతే, కొన్నవాళ్లకో అద్దెకున్నవాళ్లకో జరిగిన నష్టానికి మూడింతలు చెల్లించాల్సి రావచ్చు. దానికి తోడు ప్రభుత్వం వేసే జరిమానా ఒక్కో ఉల్లంఘనకు ఇప్పుడు 20 వేల డాలర్లు దాటింది. ఫారం లేదు, పాంప్లెట్ లేదు, హెచ్చరిక పేరా లేదు అంటే అవి మూడు వేర్వేరు ఉల్లంఘనలు కావచ్చు.

ఇది చదువుతూ "మేం అద్దెకిచ్చి ఏడాదైంది, ఏ ఫారమూ ఇవ్వలేదే" అనుకుంటున్నారా? అయితే ఈ వారంలోనే ఇచ్చేయండి. ఫారం నింపి, రిపోర్టులూ పాంప్లెట్టూ జతచేసి, ఈరోజు తేదీ వేసి సంతకాలు చేయించుకోండి. పాత తేదీ మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ వేయకండి. ఆలస్యం ఆలస్యంగానే కనిపించనివ్వండి. దొంగ తేదీ దాన్ని మోసంగా మారుస్తుంది. ఇంట్లో ఆరేళ్లలోపు పిల్లలుంటే రక్తపరీక్ష గురించి వాళ్ల పీడియాట్రీషియన్‌ను అడగమని కూడా చెప్పండి. విషయం పెద్దదనిపిస్తే ఫారం ఇచ్చే ముందే రియల్ ఎస్టేట్ అటార్నీతో ఒకసారి మాట్లాడండి. సీసం గురించి మామూలు సందేహాలకు జాతీయ సమాచార కేంద్రం ఉచిత నంబరు ఉంది: 1-800-424-5323.